మా గుమ్మం ముందరి ఇత్తడి పలకలు

బెర్లిన్, నవంబర్ 9

ఉదయం రొట్టెల దుకాణానికని కిందికి దిగేసరికి, రెండో అంతస్తులో ఉండే పెద్దావిడ మా గుమ్మం ముందు కాలిబాట మీద మోకాళ్లూని కూర్చుని, రాళ్ల మధ్య పొదిగిన మూడు ఇత్తడి పలకలను గుడ్డతో రుద్దుతున్నారు. 1938లో ఇదే రాత్రి జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలను తగులబెట్టారు, దుకాణాలను ధ్వంసం చేశారు. అందుకే ఏటా ఈ రోజున ఇక్కడ చాలామంది ఈ పలకలను శుభ్రం చేసి పక్కన కొవ్వొత్తి వెలిగిస్తారు.

వీటిని 'స్టోల్పర్‌స్టైన్' అంటారు, అంటే కాలికి తగిలి తొట్రుపాటు కలిగించే రాయి. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదటి రాయిని అమర్చారు. 2023 నాటికి ఐరోపాలో వాటి సంఖ్య లక్షకు చేరింది. నాజీల బారిన పడిన మనిషి తన ఇష్టంతో నివసించిన చివరి ఇంటి ముందే, అరచేయంత పలక మీద పేరు చెక్కి నాటుతారు.

మా గుమ్మం ముందున్నవి తండ్రి, తల్లి, కూతురివి. కూతురి పలక మీద పుట్టుక 1936, తరలింపు 1943, ఆష్విట్జ్ అనే నాజీ మృత్యు శిబిరం పేరు, ఆ కింద 'హత్య' అని ఉన్నాయి. పోయినవారి గురించి మనం కాలం చేశారనో, కన్నుమూశారనో మెత్తగా చెబుతాం. ఏడేళ్ల పిల్ల విషయంలో ఆ మెత్తదనం అబద్ధమయ్యేది.

కాలికి కాగితం తగిలినా కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని కనుక, మనుషుల పేర్లు నేల మీద ఉండడం కొత్తలో నాకు మింగుడుపడలేదు. నాజీల కాలంలో చిన్నపిల్లగా దాక్కుని బతికి బయటపడిన షార్లొటె క్నోబ్లాఖ్ కూడా, ఈ పేర్లను మళ్లీ కాళ్ల కింద తొక్కుతారనే మ్యూనిక్‌లో వీటిని వ్యతిరేకించారు. అక్కడి నగర మండలి 2004లో బహిరంగ స్థలాల్లో వీటికి అనుమతి నిరాకరించింది. ఆవిడ బాధ నాకు ఈనాటికీ న్యాయంగానే తోస్తుంది. అయితే, వంగనిదే ఆ అక్షరాలు చదవలేమన్న సంగతిని, ఈ ఉదయం ఆ పెద్దావిడ వంగిన వీపు చూశాకే నేను నిజంగా గ్రహించాను.

గుడ్డ నల్లబడింది గానీ అక్షరాల లోపలి మకిలి వదలలేదు. పైకి వెళ్లి చింతపండు గుజ్జు, పాత టూత్‌బ్రష్, చెంబుడు నీళ్లు తెచ్చాను. ఇద్దరం ఒక్కో అక్షరాన్నీ తోమి, కడిగి, తుడిచాం. చివరగా చిన్నదాని పేరు తేటపడింది.

రొట్టెతో తిరిగి వచ్చేటప్పుడు, కొవ్వొత్తి ఆరకుండా పక్కకు ఒదిగి, ఆ మూడు పేర్లనూ దాటి గడపలో కాలు పెట్టాను.