జెనెటిక్స్ ప్రాబ్లమ్స్: ముందు గామెట్లు రాయండి, తర్వాతే ఆప్షన్లు చూడండి

ఫ్రెండ్స్, జెనెటిక్స్ అనగానే చాలామంది 3:1, 9:3:3:1 అనే, పిల్లల్లో లక్షణాలు వచ్చే నిష్పత్తులు బట్టీ పట్టేసి చాప్టర్ అయిపోయింది అనుకుంటారు, కానీ పేపర్లో ప్రశ్న అంత సూటిగా రాదు. నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒకటే, ఏ ప్రాబ్లమ్ అయినా ముందు పేరెంట్స్ జీనోటైప్ (లోపలున్న జీన్ల జత), దాని కింద గామెట్లు (అండం, వీర్యకణం లాంటి లైంగిక కణాలు) రాసేయడం. హెటిరోజైగస్ (జతలో రెండూ వేర్వేరుగా ఉన్న) పొడుగు మొక్క అంటే క్యాపిటల్ టీ (పొడుగు), స్మాల్ టీ (పొట్టి), ఒక్కో గామెట్‌లోకి ఈ రెండు అల్లీల్స్‌లో (ఒకే జీన్ రూపాల్లో) ఒక్కటే వెళ్తుంది, సెగ్రిగేషన్ అంటే ఇంతే. అలాంటివి రెండు క్రాస్ చేస్తే ఫీనోటైప్ (బయటికి కనిపించే లక్షణం) 3:1, జీనోటైప్ 1:2:1, ఏది అడిగాడో చూసుకోకపోతే తెలిసిన ప్రశ్న కూడా పోతుంది.

ఇంకోటి, 3:1 అనేది ప్రాబబిలిటీ. బఠాణీ మొక్కల మీద ప్రయోగాలతో ఈ సూత్రాలు కనిపెట్టిన మెండెల్‌కే ఎఫ్2లో (రెండో తరంలో) పొడుగువి 787, పొట్టివి 277 వచ్చాయి, అంటే 2.84:1.

నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది: తల్లీతండ్రీ నార్మల్, ఒక బిడ్డకి ఆల్బినిజం (ఒంట్లో రంగు లేకపోవడం, ఇది రిసెసివ్, అంటే రెండు స్మాల్ అల్లీల్స్ ఉంటేనే వస్తుంది), రెండో బిడ్డ నార్మల్, మరి ఆ రెండో బిడ్డ క్యారియర్ (జబ్బు లేకుండా ఒక స్మాల్ అల్లీల్ ఉన్న మనిషి) అయ్యే ఛాన్స్ ఎంత? చెయ్యి ఆటోమేటిక్‌గా 1/2 మీదికే పోతుంది. ఒక బిడ్డకి వచ్చిందంటే పేరెంట్స్ ఇద్దరూ క్యారియర్లే కదా, పన్నెట్ స్క్వేర్ (గామెట్ల కలయికలు చూపే గళ్ల పట్టిక) వేస్తే నాలుగు గళ్లు, బిడ్డ నార్మల్ అని ముందే చెప్పేశాడు కాబట్టి రెండూ స్మాల్ ఉన్న గడి కొట్టేయండి, మిగిలిన మూడింట్లో రెండు హెటిరోజైగస్, ఆన్సర్ 2/3.

టర్మ్స్‌లో డామినెంట్ (ఒక్క అల్లీల్ ఉన్నా బయటపడేది) అంటే జనంలో ఎక్కువగా కనిపించేది అనుకోవద్దు, హంటింగ్టన్ వ్యాధి డామినెంటే, అయినా అరుదు. ఇన్‌కంప్లీట్ డామినెన్స్‌కి స్నాప్‌డ్రాగన్ గులాబీ రంగు పువ్వు, కోడామినెన్స్‌కి ఏబీ బ్లడ్ గ్రూప్, మొదటిదాంట్లో రెండింటికీ మధ్యరకం వస్తుంది, రెండోదాంట్లో ఎ, బి యాంటిజెన్లు (రక్తకణాల మీది గుర్తులు) రెండూ పూర్తిగా కనిపిస్తాయి. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో ఇంకో ట్రిక్, మెండెల్ జీన్ అనలేదు, ఫ్యాక్టర్ అన్నాడు, జీన్ అనే పేరు డెన్మార్క్ శాస్త్రవేత్త జోహాన్సెన్ 1909లో పెట్టాడు. తేదీల్లో 1866లో మెండెల్ పరిశోధన పేపర్ అచ్చవడం, 1900లో మళ్లీ వెలుగులోకి రావడం గుర్తుంటే చాలు.

పెడిగ్రీ (కుటుంబంలో ఎవరికి జబ్బుందో చూపే చార్ట్) వస్తే మొత్తం చార్ట్‌తో కుస్తీ పట్టకండి, నార్మల్ పేరెంట్స్‌కి జబ్బున్న కూతురు ఎక్కడైనా ఉందేమో వెతకండి. ఉంటే ఎక్స్ లింక్డ్ రిసెసివ్ (ఎక్స్ క్రోమోజోమ్ మీది జీన్ వల్ల వచ్చేది) ఎగిరిపోయినట్టే, ఎందుకంటే కూతురికి రెండో ఎక్స్ తండ్రి నుంచే రావాలి, తండ్రికి ఉండేది ఒక్క ఎక్సే, అప్పుడు తండ్రికీ జబ్బు ఉండాలి కదా, ఇక ఆటోసోమల్ రిసెసివ్ (సెక్స్ క్రోమోజోములు కాని వాటి మీది జీన్ వల్ల వచ్చేది) పెట్టేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోవచ్చు.