నెల్లిమర్ల దాటాక విప్పే బాక్సులు

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర

ఈరోజు డైరీలో రాయాల్సినంత పెద్ద సంగతేమీ జరగలేదు. పొద్దున్న పలాస ప్యాసింజర్ ఎక్కి ఆఫీసుకి వెళ్లాను, సాయంత్రం తిరుగు బండిలో వచ్చాను. బాబుకి అన్నం పెట్టి, గిన్నెలు తోమి, లైటు ఆర్పబోతుంటే వంటింటి గట్టు మీద బోర్లించిన స్టీలు బాక్సు కనబడింది. అది నాది కాదు. దాన్ని చూశాక నిద్ర రాలేదు, అందుకే ఇలా కూర్చున్నాను.

విజయనగరం నుంచి శ్రీకాకుళం రోడ్డు, అంటే ఆమదాలవలస స్టేషన్ దాకా సీజన్ టిక్కెట్టు మీద తిరిగేవాళ్లం మా పెట్టెలో చాలామందిమే ఉన్నాం. కలిసి తినేది మాత్రం నలుగురం. టీచరు గారు, నర్సు అక్క, నేను, ఈమధ్యే మాతో కలిసిన చిన్నమ్మాయి. నెల్లిమర్ల దాటేదాకా ఎవరూ బాక్సు మూత తియ్యరు. ఎవరు పెట్టిన రూలో తెలీదు గానీ అందరం పాటిస్తాం. అప్పటికి ఎక్కాల్సినవాళ్లు ఎక్కుతారు, సంచులు పైకి చేరతాయి, ఇంట్లో టైము చాలక తడి జుట్టుతో వచ్చినవాళ్ల జడలు పూర్తవుతాయి. చీపురుపల్లిలో టీచరు గారు దిగిపోతారు కాబట్టి ఈలోపే తినడం అయిపోవాలి. ఉన్నది కాస్త సమయమే. నాకైతే రోజు మొత్తంలో స్థిమితంగా కూర్చుని తినేది ఆ కాసేపే.

ఎవరి బాక్సు వాళ్లు తినడం అనేది మా దగ్గర లేదు. మూతలన్నీ సీటు మీద పరిచి అందులోకి తలా కాస్త పెట్టుకుంటాం. టీచరు గారు ఈరోజు చోడిపిండి రొట్టెలు తెచ్చారు. ఊళ్లో ఇప్పటికీ రాగులు అంటే ఎవరికీ నోరు తిరగదు, చోళ్లే. ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిర్చి వేసి తడిబట్ట మీద తట్టి కాలుస్తారు. నర్సు అక్కది ఇడ్లీ, బొంబాయి చట్నీ. శనగపిండి నీళ్లలో జారుగా కలిపి, ఉల్లిపాయలు వేగిన తాలింపులో పోసి, చిక్కబడేదాకా తిప్పే ఆ చట్నీ పూరీల్లోకి బాగుంటుందని అందరూ అంటారు గానీ, చల్లారిన ఇడ్లీని బతికించేది కూడా అదే. నాది ఉప్పుడుపిండి. బియ్యపు రవ్వలో పెసరపప్పు వేసి మూత పెట్టి మగ్గించాను, అడుగు కొంచెం ఎర్రగా పట్టింది. ఆ మాడు చెక్క కోసం నర్సు అక్క ముందే చెయ్యి పెట్టేస్తుంది.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. రోజూ కలిసి తినేవాళ్ల దగ్గర ఇంటి సంగతి దాచలేం. టీచరు గారికి మోకాళ్ల నొప్పి ఎక్కువైతే ఆవ పెట్టిన పులిహోర మానేసి పెరుగన్నం తెస్తారు. నర్సు అక్క బాక్సులో బ్రెడ్డూ జామూ ఉన్నాయంటే నైటు మీద డే కూడా చేస్తోందని లెక్క. మా బాబుకి పరీక్షలని నేను ఎవరికీ చెప్పక్కర్లేదు, వారం రోజులు నిమ్మకాయ పులిహోరే వస్తే వాళ్లకే తెలిసిపోతుంది.

చిన్నమ్మాయి కార్తీకమాసంలో మాతో కలిసింది. కొత్తగా పెళ్లయింది. ఆమదాలవలసలో ఉద్యోగం, అత్తవారిల్లు విజయనగరం. పుట్టిల్లు కొబ్బరి, జీడి తోటలుండే ఉద్దానంలో, కవిటి వైపు. మొదటి నెలంతా ఆ పిల్ల బాక్సులో కొబ్బరి లేని కూర చూడలేదు నేను. బీరకాయలో కొబ్బరి, చిక్కుడుకాయలో కొబ్బరి, పచ్చడి ఎలాగూ కొబ్బరే. ఉప్మాలో జీడిపప్పులు కూడా వేరుశనగ గుళ్లంత ధారాళంగా వేసేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి వాళ్ల తోటలో కొబ్బరి చెట్లు వరసకి వరసే పడిపోయాయట. తర్వాత వాళ్లమ్మ నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. "మాయమ్మ మొదటి కాయలన్నీ నాకే పంపేస్తోందక్కా" అని చెప్పిన రోజు ఆ పచ్చడి ఎంత జాగ్రత్తగా తిన్నామో. మూతకి అంటినది కూడా వదల్లేదు.

అలాంటి పిల్ల సంక్రాంతి సెలవలయ్యాక మారిపోయింది. మా బాక్సుల్లో ఇంకా పొంగడాలు, జంతికలు తిరుగుతుంటే తను బ్రెడ్ తెచ్చింది. మర్నాడు బిస్కెట్ పేకెట్టు. ఆ మర్నాడూ అదే. తర్వాత "ఆకలి లేదక్కా, మీరు తినండి" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను చూశాను. కొత్త పెళ్లికూతురు, ఏవో ఇంటి గొడవలుంటాయి, అడిగితే ఏమనుకుంటుందో అని ఊరుకున్నాను. ఐదు రోజులు అలాగే ఊరుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా బాధగానే ఉంది.

ఈరోజు బాక్సు తెచ్చింది గానీ ఒళ్లో పెట్టుకుని మూత తియ్యలేదు. టీచరు గారు ఒకసారి చూశారు, రెండోసారి చూశారు.

"ఏటమ్మా, అందులో ఏటుంది?"

"ఏమీ లేదు మేడమ్. బాలేదు."

"బాగున్నదే తింటామని నీకెవరు చెప్పారు? ఇలా తే."

మూత గట్టిగా పట్టేసి రాలేదు. నర్సు అక్క చీర చెంగుతో పట్టి తిప్పింది. లోపల మ్యాగీ. పొద్దున్న ఐదున్నరకి చేసిందట. బండిలోకి వచ్చేసరికి రసమంతా పీల్చుకుని, ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుపోయింది. టీచరు గారు బాక్సుని మూత మీద బోర్లించి అడుగున రెండు దెబ్బలు వేశారు. మొత్తం ఒకే ముద్దగా ఊడి పడింది. బాక్సు అడుగున ఉండే గుండ్రటి గీతలు కూడా దాని మీద అచ్చుపడ్డాయి. పసుపుపచ్చగా, తడిగా మెరుస్తూ, పైన రెండు బఠాణీలు. ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది.

టీచరు గారు నవ్వలేదు. చెంచా అంచుతో కేకు కోసినట్టు నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి పెట్టారు. "వీటిని ఫ్యాక్టరీలో నూనెలో వేయించి తడి అంతా తీసేస్తారమ్మా. ఆ తడి పోయిన చోట సన్న సన్న కన్నాలు మిగుల్తాయి. వేడినీళ్లు వాటిల్లోంచి గబగబా లోపలికి పోతాయి కాబట్టే రెండు నిమిషాల్లో ఉడికేది. పీల్చడం మాత్రం రెండు నిమిషాలతో ఆగదు కదా, నీళ్లున్నంతసేపూ పీలుస్తూనే ఉంటాయి. ఇందులో నీ తప్పేం లేదు" అన్నారు. ఆవిడ సైన్సు చెప్తారు. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో అనే ఆయన ఈ పద్ధతి కనిపెట్టాడనీ, మ్యాగీ మన దేశానికి 1983లో వచ్చిందనీ కూడా చెప్పారు. తరగతిలో భయపడుతున్న పిల్లకి మాట మార్చి ధైర్యం చెప్తారే, అలా చెప్పారు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ మేం తింటున్నాం. ఆవకాయ నంజుకుంటే నిజంగానే బాగుంది. నేను మాట వరసకి రాయడం లేదు.

నాకు పేకెట్టు తిండి అంటే చిన్నచూపు లేదు. డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో పొయ్యి ఉండేది కాదు. మ్యాగీ పేకెట్టుని విప్పకుండానే నలిపేసి, మూల చింపి, మసాలా పొడి అందులోనే పోసి, మూతి గట్టిగా పట్టుకుని ఊపేవాళ్లం. ఆరుగురం ఒక్క పేకెట్టు. అరచేతిలో కొంచెం కొంచెం పోసుకుని కరకరలాడించి, చివర పేకెట్టు లోపలి పొడి వేలితో తీసుకునేవాళ్లం. ఆ ఆరుగురిలో ఇద్దరితో ఇప్పటికీ మాట్లాడుతుంటాను, ఆ రుచి గురించే ముందు మాట్లాడుకుంటాం. అయినా అటుకులు మాత్రం ఏమిటి? వడ్లు నానబెట్టి, వేయించి, దంచి పెట్టుకుంటే, ఎప్పుడు ఎవరొచ్చినా నీళ్లు చిలకరించి, బెల్లం, కొబ్బరి కోరు కలిపి చేతిలో పెట్టేది మా నాయనమ్మ. పొయ్యి అంటించక్కర్లేదు. ఇసుకలో వేయించిన మరమరాలు, రాత్రి నీళ్లు పోసి ఉంచిన చల్దన్నం, ఇవన్నీ పొద్దున్నే పొలానికి పరిగెత్తేవాళ్లు టైము లేక చేసుకున్నవే.

తినడం అయ్యాక ఆ పిల్ల తనంతట తనే చెప్పింది. కనుమ మర్నాడు వాళ్లత్తగారు పడిపోయారట, తుంటి ఎముక విరిగి వైజాగ్‌లో ఆసుపత్రిలో చేర్చారట. భర్త రాత్రుళ్లు అక్కడే. మామగారు పగలు. ఇంట్లో ఈ పిల్ల ఒక్కతే. "ఒక్కదాని కోసం కుక్కర్ పెట్టబుద్ధి కాలేదక్కా" అంది. నర్సు అక్క వెంటనే ఆపరేషన్ అయిందా, ఎన్నో రోజు, నడిపిస్తున్నారా, షుగరుందా అని వరసగా అడిగి, చివరికి ఒకటే మాట అంది. "ఒలమ్మా, ముందే చెప్పకపోనావేటే? నాలుగు రోజులు నువ్వు బాక్సు తేకు. వట్టి చేతుల్తో వచ్చీ."

చీపురుపల్లిలో టీచరు గారు దిగుతూ మిగిలిన రెండు రొట్టెలు కాగితంలో చుట్టి ఆ పిల్ల సంచిలో కుక్కేశారు. ఆవిడ ఈ వేసవిలో రిటైరవుతారు. ఆ తర్వాత నెల్లిమర్ల రూలు ఉంటుందో లేదో. దాని గురించి మేం ఎవరం మాట్లాడుకోం.

పొందూరు దాటాక కాస్త నిద్ర పట్టింది. దూసి తర్వాత నాగావళి వంతెన చప్పుడుకి లేచాం. ఎప్పటిలాగే ఒకటే హడావుడి. చిన్నమ్మాయి ఆఫీసుకి, నర్సు అక్క, నేను శ్రీకాకుళం బస్సుకి. కడుగుదామని నా సంచిలో వేసుకున్న ఆ పిల్ల బాక్సు నాతోనే ఉండిపోయింది.

ఆఫీసులో మధ్యాహ్నం ఏం తిన్నానో గుర్తులేదు. రథసప్తమికి అరసవల్లిలో రద్దీ, బందోబస్తు, సెలవు ఎవరికి అనే గొడవతోనే సరిపోయింది.

సాయంత్రం ప్లాట్‌ఫాం మీద ఉడకబెట్టిన కందికాయలు అమ్ముతుంటే రెండు పొట్లాలు కొన్నాను. ఈ నెల పోతే మళ్లీ దొరకవు. ఉప్పునీళ్లలో ఉడికి కాయ ముడతలు పడి ఉంటుంది. పళ్ల మధ్య పెట్టి లాగితే గింజలు నోట్లోకి జారతాయి, కాయలో మిగిలిన ఉప్పదనం నాలుక్కి తగులుతుంది. పక్కనే తేగల కట్టలు. అవి కూడా తీసుకున్నాను, ఎందుకంటే చిన్నమ్మాయి మొన్నెప్పుడో తేగ చీల్చినప్పుడు మధ్యలో ఉండే చందమామ తనకిష్టమని చెప్పింది. మా ఇంట్లో చిన్నప్పుడు దాని కోసం అక్కా నేనూ కొట్టుకునేవాళ్లం.

బండి వచ్చింది, తను రాలేదు. ఫోన్‌లో మెసేజ్ ఉంది. "అక్కా, నేను ముందు వచ్చిన ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వెళ్లిపోతున్నాను. అత్తయ్య ఈరోజు కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేశారట. మేడమ్ గారి రొట్టెలు తిన్నాను." నర్సు అక్కకి చూపించాను. చీపురుపల్లిలో టీచరు గారు ఎక్కగానే ఆవిడకీ చూపించాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా కందికాయల పొట్లం తన వైపు లాక్కున్నారు. ముగ్గురం తింటూ కూర్చున్నాం. తేగలు మాత్రం విప్పలేదు.

బాక్సు ఇంటికొచ్చాక తోమాను. మసాలా పసుపు మూత అంచులో పట్టేసింది, చింతపండు పెట్టి రుద్దితే గానీ పోలేదు. రుద్దుతుంటే మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన అక్షరాలు కనిపించాయి. ఒక ఆడమనిషి పేరు, దాని కింద పాతికేళ్ల కిందటి తేదీ. వాళ్లమ్మ పెళ్లికి వచ్చిన బాక్సు అయ్యుంటుంది. ఆ పేరు మీద వేలు పెట్టి చూశాను, ఒక్కో చుక్కా ఇంకా గరుగ్గా తగులుతోంది.

ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ గట్టిగా చెప్పేది. డబ్బాలో పండక్కి చేసిన సున్నుండలు ఆరు మిగిలాయి. తేగల కట్ట సంచిలో పెట్టి, బాక్సులో మూడు సున్నుండలు సర్దాను. ఆసుపత్రిలో ఆ పిల్ల భర్త కూడా ఉన్నాడు కదా అని మూత మళ్లీ తీసి ఇంకో రెండు పెట్టాను. మిగిలిన ఒకటి పొద్దున్న బాబుకి.