స్ట్రోక్ స్కాన్ల కోసం ఎథిక్స్ కమిటీ చుట్టూ: నా అనుభవం

అప్రూవల్ లెటర్ నిన్న చేతికొచ్చింది. సంతోషం కంటే కోపమే ఎక్కువగా ఉంది, అది చల్లారేలోపే రాసేస్తున్నా.

నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ మెడికల్ ఇమేజింగ్ ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ల ఎంఆర్ఐలో మెదడు ఎంతమేర దెబ్బతిందో కంప్యూటర్ చేత హద్దు గీయించడం నా పని. గైడ్‌ని ఒప్పించడం, సర్వర్ సంపాదించడం, ప్రోగ్రామ్ రాయడం పెద్ద కష్టమేం కాలేదు. బొమ్మలో ఇలా హద్దులు గీయడానికి మేం వాడే యూ-నెట్ అనే కంప్యూటర్ పద్ధతి 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ యూనివర్సిటీ ల్యాబ్‌లో పుట్టింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ ఇమేజింగ్ ల్యాబ్ తలుపు తట్టినా అదే కనిపిస్తుంది. వాళ్లు మొదట దాన్ని పరీక్షించిన వాటిలో 30 మైక్రోస్కోప్ బొమ్మలున్నాయి, అవి పండ్ల ఈగ లార్వా నాడీ కణజాలానివి. ఈగని కన్సెంట్ (ఒప్పుకుంటున్నానన్న సంతకం) అడగక్కర్లేదు, అదృష్టవంతులు. నాకు కావలసినవి మనుషుల స్కాన్లు, అవి ఆసుపత్రివి, కాబట్టి మనుషుల మీద చేసే పరిశోధన సబబో కాదో చూసే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఊ అనాలి.

"నెట్‌లో ఫారిన్ డేటా బోలెడుంది కదా" అని అందరూ అడుగుతారు. ఉంది, మేమూ వాడాం. కానీ మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ వాళ్లు 2019లో వందమంది స్కాన్లతో భారతీయ మెదడు అట్లాస్ (సగటు మెదడు పటం) ఎందుకు తయారుచేశారు? అంతకుముందు అందరూ కొలబద్దగా పెట్టుకున్నది మాంట్రియల్‌లో పాశ్చాత్యుల మెదళ్లతో చేసింది. మనవాళ్ల మెదడు సగటున కొలతల్లో దానికంటే చిన్నదని తేలింది. ఒకే మెషీన్ లోపాలు అంటుకోకుండా మూడు ఆసుపత్రుల స్కానర్లు వాడారు కూడా. అలాంటి పని చూసే నేను ఈ లైన్‌లోకి వచ్చాను. అయితే వాళ్లది ఆరోగ్యవంతుల స్కాన్లతో చేసిన పని. నాకు కావలసినవి ఎప్పుడో స్కాన్ తీయించుకుని ఇళ్లకెళ్లిపోయిన పేషెంట్లవి. పేరూ ఊరూ తెలియకుండా చేసిన పాత డేటాకి కన్సెంట్ మినహాయింపు ఇవ్వొచ్చని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి జతచేశాను కూడా.

కమిటీ సెక్షన్‌లో ఒకాయన ఉంటాడు. ఆసుపత్రి వెబ్‌సైట్‌లో ఉన్న ఫారమ్ నింపి తీసుకెళ్తే "అది పాతదమ్మా" అన్నాడు. కొత్తది ఎక్కడ దొరుకుతుందంటే సొరుగులోంచి ఒక జిరాక్స్ తీశాడు. సగం అక్షరాలు అలికేసినట్టున్నాయి. మళ్లీ అన్ని సంతకాలు, మళ్లీ అందరి వెనకా తిరగడం. ఆయన గురించి ఇంక రాయను, బీపీ పెరుగుతుంది.

అసలు కథ మీటింగ్‌లో జరిగింది. గైడ్ ఊళ్లో లేరు, ఒక్కదాన్నే వెళ్లాను. మీరు మాత్రం అలా వెళ్లకండి, వాయిదా వేయించుకోండి. మధ్యాహ్నమంతా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, చివర్లో పిలిచి "రెండు నిమిషాల్లో చెప్పమ్మా" అన్నారు. మూడో స్లైడ్ దగ్గరే ఒక పెద్ద డాక్టర్‌గారు ఆపేశారు. "మా పేషెంట్లు, మా మెషీన్లు, మీకేమో పేపర్లు, డాక్టరేట్లు. మరి మాకేంటి?" నలుగురు నవ్వారు. జవాబు నా దగ్గర ఉంది కానీ గొంతు పెగల్లేదు. ఇలాంటి కమిటీల్లో డాక్టర్లే కాక లాయరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి కూడా ఉండాలి. ఇక్కడ ఆ మామూలు మనిషి ఒక రిటైర్డ్ మాస్టారు. ఆయన నెమ్మదిగా అడిగారు: "పేర్లు తీసేస్తానంటున్నావు, బాగానే ఉందమ్మా. తలకాయంతా ఫొటో తీస్తారు కదా, అందులో మొహం రాదా?"

మళ్లీ నవ్వులు. కానీ ఆ గదిలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే! వస్తుందండీ అని చెప్పాను. 2019లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 84 మంది తల ఎంఆర్ఐల నుంచి ముఖాలు తయారుచేసి, ఫొటోలతో పోల్చే సాఫ్ట్‌వేర్‌కిస్తే 70 మందిని సరిగ్గా పట్టేసింది. అందుకే ముఖం చెరిపేసే ప్రోగ్రామ్‌లున్నాయి, అవే వాడతాం అంటూ నేను వివరిస్తుండగానే లాయర్‌గారు అందుకున్నారు: "అంటే గుర్తుపట్టొచ్చని మీరే ఒప్పుకుంటున్నారు. అయితే ప్రతి పేషెంట్ దగ్గరా సంతకం తీసుకురండి." నిజం చెప్పినందుకు ఫైలు తిప్పి పంపారు. ఆ రాత్రి హాస్టల్‌లో అన్నం కూడా ముట్టలేదు.

రెండోసారి లాప్‌టాప్ పట్టుకెళ్లాను, గైడ్‌నీ లాక్కెళ్లాను. వాలంటీర్‌గా తీయించుకున్న నా తల స్కాన్‌నే తెర మీద తిప్పి చూపించాను. సున్నం పూసిన బొమ్మలా ముక్కు, పెదవులు, చెవి మడతలతో సహా నా మొహం. ప్రోగ్రామ్ నడిపాక కళ్ల దగ్గర్నుంచి గడ్డం దాకా తెగిపోయింది, లోపల మెదడు చెక్కుచెదరలేదు. తర్వాత స్ట్రోక్‌కి తీసే మామూలు డిఫ్యూజన్ స్కాన్ (దెబ్బతిన్న చోటు తేలేలా తీసే ఒక రకం ఎంఆర్ఐ) చూపించాను. స్లైస్ (తలని పొరలు పొరలుగా కోసినట్టు తీసే ఒక్కో బొమ్మ) మందం 5 మిల్లీమీటర్లు, అందులో ముక్కు మెట్లు మెట్లుగా వస్తుంది తప్ప మనిషి పోలిక రాదు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని దగ్గరికొచ్చి చూశారు. లాయర్‌గారు కన్సెంట్ సంగతి మళ్లీ ఎత్తలేదు. పెద్ద డాక్టర్‌గారు ఫోన్ చూసుకుంటున్నారు.

లెటర్‌లో షరతులున్నాయి. పెన్‌డ్రైవ్ నిషిద్ధం, పేర్లు తీసే పనంతా ఆసుపత్రి కంప్యూటర్ మీదే జరగాలి. ఈ షరతు సబబే, నాకు అభ్యంతరం లేదు. ఫైలు హెడర్‌లో (బొమ్మతోపాటు దాగి ఉండే వివరాల్లో) పేరు, పుట్టినతేదీ చెరిపేస్తే అయిపోయిందనుకోకండి, కొన్నిటిలో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది, కళ్లతో చూసి తీసేయాల్సిందే. అక్కడి టెక్నీషియన్ అన్నతో మంచిగా ఉండండి, సెక్షన్‌లో దొరకని సాయం ఆయన దగ్గర దొరుకుతుంది.

ఏఐ జబ్బు కనిపెట్టేసిందని పేపర్లలో ఫొటోలు వేస్తారు. ఆ ఏఐకి నేర్పడానికి స్లైస్ స్లైస్‌కీ కూర్చుని హద్దులు గీసే రేడియాలజిస్టు ఫొటో ఎవరూ వేయరు. మాకు గీసేందుకు ఒప్పుకున్న మేడమ్‌కి డ్యూటీ అయ్యాకే తీరిక. ఆవిడ పేరు మా పరిశోధన పేపర్‌లో రెండో స్థానంలో వేయాలని గైడ్‌తో ఇప్పటికే గొడవ మొదలుపెట్టాను.