భీమిలి బస్సులో సునాముఖి

వైజాగ్‌లో భీమిలి వెళ్లే 900కె ఎక్కితే డ్రైవరు వైపు కిటికీ దొరకాలి. సముద్రం అటే ఉంటుంది. ఈసారి కిటికీ దొరికింది కానీ సముద్రం చూసే యోగం లేకపోయింది. పక్కన మా మేనల్లుడు ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి, పొట్ట పట్టుకుని కూర్చున్నాడు.

వాడిది పవర్‌లిఫ్టింగ్. మర్నాడే పోటీ, 74 కిలోల విభాగం. రాజమండ్రిలో బయల్దేరినప్పుడు కిలో ఎక్కువున్నాడు. పొద్దున్నే, భీమిలి దారిలో ఉండే రుషికొండ బీచ్ చూసొద్దామని వాడే లేపాడు.

అప్పూఘర్ దగ్గర మొదలైంది.

"మావయ్యా, బస్సు ఆపించు."

"స్టాపు వస్తోంది, ఓర్చుకోరా."

"ఓర్చుకునేది కాదు మావయ్యా."

కండక్టరమ్మ వచ్చింది. "ఏటైనాది బాబూ, వాంతా?" కాదు, రెండోది అన్నాను. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తెన్నేటి పార్కు దగ్గర ఆపారు. వాడు దిగిన వేగం చూస్తే వీడు బరువులెత్తడం మానేసి వంద మీటర్లు పరిగెత్తాల్సిందనిపించింది.

చాలాసేపటికి వచ్చి గట్టు మీద కూలబడ్డాక జేబులోంచి పొట్లం తీశాడు. సునాముఖి, త్రిఫల, రెండూ విరేచనానికి వాడేవే. పైన బంగారు రంగులో 'క్లెన్స్' అని. జిమ్ ట్రైనర్ అమ్మాడట, పెట్టె 1,200 రూపాయలు! మూలికల కొట్లో సునాముఖి ఆకు గుప్పెడు ఎంతకిస్తారో ఎవరికి తెలీదు? మూడు నెలలకోసారి పేగులు కడిగితే తాగిన ప్రోటీన్ బాగా ఒంటబడుతుందని, బరువూ దిగుతుందని చెప్పాడట.

ప్రోటీన్ ఒంటబట్టేది చిన్న పేగులో. సునాముఖి పని చేసేది పెద్ద పేగు మీద. అక్కడ ఒంట్లోకి వెనక్కి వెళ్లాల్సిన నీటిని వెళ్లనివ్వకుండా తోసేస్తుంది, ఆ నీటితో పాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. పొటాషియం బాగా పడిపోతే కండరం మన మాట వినదు. తూకంలో తగ్గేది నీళ్లే, కొవ్వు కాదు. కిలో తగ్గాలంటే రెండు మూడు రోజుల ముందు నుంచి ఆకుకూరలు, పప్పులు తగ్గించి తెల్లన్నం, పెరుగుతో సరిపెట్టుకుంటే పేగుల్లో బరువు దానంతటదే కొంత దిగుతుంది. పోటీ అయ్యాక మళ్లీ పీచు తినాలి, పెద్ద పేగులో ఉండే సూక్ష్మజీవులకు అదే తిండి.

మా నాయనమ్మ కూడా మాకు ఆముదం పట్టేది. పట్టిన రోజు బడి లేదు, ఆట లేదు, చారన్నం తిని పడుకోవడమే. ఆయుర్వేదంలోనూ విరేచనం చేయిస్తే ఆ తర్వాత సంసర్జన క్రమమని ఉంది: ముందు పేయ అనే పల్చటి గంజి, తర్వాత చిక్కటి గంజి, అలా కొన్ని రోజులకి గానీ మామూలు భోజనానికి రానివ్వరు. ఇవాళ కడిగేసుకుని రేపు బార్బెల్ ఎత్తమన్న వైద్యం మాత్రం ఈ ట్రైనర్ దగ్గరే చూశాను.

ఆ పొద్దుటిపూట మందుల షాపులేవీ తీయలేదు. కొబ్బరిబోండాం 70 అన్నాడు, సముద్రం చూసిన అద్దె కూడా కలిపినట్టున్నాడు. కాస్త ముందుకెళ్తే ఒక పెద్దావిడ స్టీలు డబ్బాలో చోడి అంబలి పెట్టుకుని కూర్చుంది. మా వైపు రాగులంటాం. చిలికిన మజ్జిగ పోసి, ఉప్పేసి, ఉల్లిపాయ ముక్కలు, కొరుక్కోవడానికి పచ్చిమిరపకాయ. గ్లాసు 20.

"ఏటి నాయనా, మొకం అలగ పీక్కుపోనాది?"

"బరువు పెరుగుతానేమో మామ్మా" అంటున్నాడు వీడు, పెదాలు ఎండిపోయి.

"బరువేటి, నీల్లే కదా. తాగు."

రెండు గ్లాసులు తాగాడు. ఆవిడ మూడోది సగం పోసి డబ్బులు తీసుకోలేదు. రుషికొండ మానేసి ఆటోలో వెనక్కొచ్చాం. గదిలో లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి సాయంత్రం దాకా కొంచెం కొంచెం తాగించాను.

మర్నాడు తూకంలో 73.1 వచ్చింది. అంటే అవసరం లేని తొమ్మిది వందల గ్రాములు కూడా దింపుకున్నాడు. తూకానికీ పోటీకీ మధ్య రెండు గంటలే, అందులో ఎంత తింటాడు? మూడు లిఫ్టుల్లో మొదటి రెండూ, స్క్వాట్, బెంచ్ గట్టెక్కాయి. నేల మీంచి బార్ ఎత్తే డెడ్‌లిఫ్ట్ చివరి ప్రయత్నంలో పిక్క పట్టేసి బార్ వదిలేశాడు.

తిరుగు రైలు రత్నాచల్‌లో కూర్చున్నాక మిగిలిన పొట్లాలు ఏం చేయమంటావని అడిగాడు. వాళ్లమ్మకి మలబద్ధకం, ఒక్కటివ్వమన్నాను. మిగతావి ట్రైనర్‌కిచ్చేసి డబ్బులడగమన్నాను.

"తీసుకోడు మావయ్యా."

"అడిగి చూడరా, ముందు."