కమలాపురం నుంచి ఆరోగ్యమాత దాకా

మొక్కు తీర్చుకుని వచ్చి వారం కూడా కాలేదు. మా నాయనకు గుండె ఆపరేషన్ జరిగిన రోజు ఆసుపత్రి వరండాలో నిలబడి, "తల్లీ, ఆయన్ని ఇంటికి పంపించు, నీ పండగకు కమలాపురం నుంచి చెప్పుల్లేకుండా నడిచొస్తా" అని మొక్కుకున్నాను. ఆయన ఇంటికొచ్చాడు. ఇప్పుడు పొద్దున్నే వేపచెట్టు కింద కూర్చుని పేపరు చదువుతున్నాడు. దేవునికి స్తోత్రం! సెప్టెంబరు 8 యేసుప్రభువు తల్లి మరియమ్మ పుట్టిన పండగ కాబట్టి ముందురోజు సాయంత్రమే నేనూ మా చిన్నమ్మా, ఆ తల్లినే ఆరోగ్యమాత అని కొలిచే కడప గుడికి బయల్దేరాం.

ఎండ తగ్గాక నడిస్తే సుఖమనుకున్నాం గానీ, పగలంతా కాగిన తారురోడ్డు చీకటి పడినా చల్లారలేదు. జపమాల చెప్పుకుంటూ చాలా దూరం బాగానే నడిచాను. తర్వాత అరికాలి బొబ్బ పగిలింది, దాంట్లోకి రాతి పెళ్ల దిగింది. ఇక అడుగు పడలేదు. రోడ్డు పక్కన పేర్చిన నాపరాళ్ల మీద కూలబడ్డాను.

"ఏం పాపా, ఆగిపోయినావే?" అంటూ ఒక పెద్దమ్మ వచ్చింది. జమ్మలమడుగు దిక్కు వాళ్లంట. అడగకుండానే నా పాదం ఒళ్లో పెట్టుకుంది. సెల్‌ఫోన్ లైటు పట్టుకోమని చిన్నమ్మకు చెప్పి, తన తాగేనీళ్లతో కడిగి, పెళ్ల తీసేసింది. పాత తువ్వాలు చించి కట్టు కట్టింది. ముడి కాలి కింద పడితే నొక్కుకుంటుందని పైకి తిప్పి కట్టింది. అక్కడినుంచి మా నడకకు తగ్గట్టు తనూ నిదానంగా నడిచింది.

కడపలో జనం గురించి ఏం చెప్పను! మైకుల మోతలో పక్కవాళ్ల మాట వినబడదు. ఆడవాళ్లకు బాత్రూంలు చాలవు, తాగేనీళ్ల దగ్గర తోపులాట. ఇంతమంది వస్తారని ఏటా తెలిసిందే కదా, ముసలివాళ్లకూ పిల్లతల్లులకూ వేరే లైను పెడితే ఏం పోతుంది?

దర్శనం లైన్లో ఒకతను మధ్యలో దూరి పెద్దమ్మను మోచేత్తో తోశాడు. ఆమె చేతిలోని కొవ్వొత్తులు కిందపడి విరిగాయి. పైగా "జరుగు, ముసల్దానా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం అతని మొహంలోకి చూసి, "తోయద్దు నాయనా. నీకంత తొందరుంటే నా వంతు తీసుకో. కానీ నా ముందర చంటిబిడ్డతో తల్లి ఉంది. ఆ యమ్మ పోయినాకనే నువ్వు పోవాల" అంది. గొంతు పెంచలేదు, అడ్డం పెట్టిన చెయ్యి తియ్యనూ లేదు. అతను ఏదో గొణుక్కుంటూ ఆ తల్లి వెనకే నిలబడ్డాడు.

మన దగ్గర సాత్వికంగా ఉండమని బోధించేది ఎక్కువగా కోడళ్లకు, కూలీలకు. నోరు మూసుకుని పడుండటమే సాత్వికం అన్నట్టు చెబుతారు. నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు. ప్రధాన యాజకుడి ముందు విచారణలో బంట్రౌతు కొడితే యేసుప్రభువు ఊరుకోలేదు. నేను తప్పు మాట్లాడితే ఆ తప్పేదో చెప్పు, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు. యోహాను సువార్త 18వ అధ్యాయంలో ఉంది. అడిగాడే గానీ చెయ్యెత్తలేదు. భూమ్మీద అందరికంటే సాత్వికుడని బైబిల్లో సంఖ్యాకాండం చెప్పే మోషే, ఐగుప్తు రాజు ఫరో ముందు నిలబడి మా జనాన్ని పంపించు అన్నవాడే. ప్రభువు దాసురాలినని తలవంచిన మరియమ్మే, దేవుడు బలవంతుల్ని గద్దెల మీంచి దించాడని తన చుట్టం ఎలీసబెతమ్మ ఇంట్లో పాడింది. ఆ పెద్దమ్మ తనను తిట్టినదానికి బదులు చెప్పలేదు, బిడ్డతల్లి వంతు మాత్రం పోనివ్వలేదు. ఆ రాత్రంతా నేను ఆమెనే చూస్తూ ఉన్నాను.

చివరికి మాత దర్శనం. చీర కట్టుకున్న తల్లి, చేతిలో బాలయేసు, మెడ నిండా పూలదండలు. వెనకనుంచి ఒకటే "పదండి, పదండి". నాయన పేరు రెండుసార్లు చెప్పేసరికి కొవ్వొత్తి మైనం వేళ్ల మీద కారింది, జనం నన్ను బయటికి తోసేశారు. ఆ కాసేపట్లోనే కళ్లనిండా నీళ్లు. అడగాల్సిందేమీ మిగల్లేదు, కృతజ్ఞత ఒక్కటే.

దివ్యపూజ అయ్యాక ఆ గుంపులో పెద్దమ్మ మళ్లీ కనబడలేదు. రాత్రి జపమాలలో నాయనతో పాటు ఆమెనూ తలుచుకుంటున్నాను. వచ్చే ఏడు తనూ వస్తానని నాయన ఇప్పట్నుంచే పట్టుబడుతున్నాడు. డాక్టరు సరేనంటే బస్సులో తీసుకెళ్తాం.