చావు మోతాదు కాదు, నడత మార్చే మోతాదు

ఫ్లోరిడాకు వచ్చాక మా ఇంటి ముందు పచ్చికలో గుంపుగా దిగి, కిందికి వంగిన ఎర్రటి ముక్కును నేలలో దించి పురుగులు ఏరుకునే తెల్ల ఐబిస్ పక్షులను తరచూ చూస్తూ, ఈ మధ్య వాటి గురించి చదవడం మొదలుపెట్టాను. చదివినవాటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పీటర్ ఫ్రెడరిక్, నిల్మిని జయసేన చేసిన ప్రయోగం.

వారు 2005లో పిల్లలుగా సేకరించిన 160 ఐబిస్‌లను నాలుగు గుంపులు చేసి, మూడింటికి ఆహారంలో మిథైల్ మెర్క్యురీ అనే పాదరస విషాన్ని పది లక్షల పాళ్లలో 0.05, 0.1, 0.3 పాళ్ల చొప్పున కలిపి, మూడేళ్లపాటు పెట్టారు. ఇవేవీ చంపే మోతాదులు కావు; చిత్తడి నేలల్లో ఈ పక్షులకు సహజంగా ఎదురయ్యేటంతటివే. అయినా వాటి ఈస్ట్రడయోల్, టెస్టోస్టిరోన్ అనే లైంగిక హార్మోన్ల తీరు మారింది. మగపక్షులు ఆడపక్షి ముందు తల ఊపడం, వంగి నమస్కరించినట్లు చేయడం తగ్గించాయి. ఆడపక్షులు వాటి దగ్గరకు రావడమూ తగ్గింది. అత్యధిక మోతాదు గుంపులో 55 శాతం దాకా మగపక్షులు మగపక్షులతోనే జతకట్టాయి.

పత్రికలు ఆ జతలనే పట్టుకుని వేళాకోళం చేశాయి గానీ, నా దృష్టిలో అసలు సంగతి అది కాదు. జతకట్టడమే తప్పిన చోట గూళ్లూ పిల్లలూ తగ్గుతాయి. చచ్చిన పక్షులను మాత్రమే లెక్కించే అధికారికి ఆ నష్టం ఎన్నడూ కనిపించదు.