ప్రశ్నకి పెట్టే పరీక్ష

మూడో తరగతి పిల్లలకి ఇచ్చే భిన్నాల ప్రశ్నలో హారం 5 ఉండకూడదు. 2, 3, 4, 6, 8 మాత్రమే ఉండాలి. 5, 10, 12, 100 నాలుగో తరగతిలో వస్తాయి. 2010లో విడుదలై అమెరికాలో చాలా రాష్ట్రాలు తీసుకున్న, ఏ తరగతిలో ఏం నేర్పాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాల్లో ఈ హద్దు ఫుట్‌నోట్‌గా అచ్చయి ఉంది. కాబట్టి రాష్ట్రం పెట్టే పరీక్షలో మూడో తరగతి వాళ్లకి చాక్లెట్ బార్‌ని ఐదు ముక్కలు చేసి మూడు తిన్నారని ప్రశ్న వస్తే, అది ఎంత బాగున్నా పక్కన పెట్టేస్తారు. దాని మీద అప్పటిదాకా పెట్టిన ఖర్చు గంగలో కలిసినట్టే.

అలా పక్కన పెట్టేసే చోటే నా ఉద్యోగం. సరిగ్గా చెప్పాలంటే, ఆ ప్రశ్నలు పిల్లల కంప్యూటర్ మీద కనిపించే సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేస్తాను. ఉండేది న్యూజెర్సీలో, పని చేసేది ఇంకో రాష్ట్రం ప్రాజెక్టుకి. ఏ రాష్ట్రమో, ఏ కంపెనీయో రాయను. సంతకాలు పెట్టించుకున్నారు.

ఇక్కడికి రాకముందు గుంటూరు జిల్లాలో నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. డీఎస్సీ రాసి తెచ్చుకున్న ఉద్యోగం. పెళ్లయ్యాక లాంగ్ లీవ్ పెట్టి వచ్చి, తర్వాత రాజీనామా పంపాను. "గవర్నమెంటు ఉద్యోగం వదులుకుని అక్కడ గిన్నెలు తోముకుంటోంది" అని అమ్మ చాలా కాలం చుట్టాల దగ్గర వాపోయేది. అది నిజమే. మొగుడి ఉద్యోగ వీసాతో పాటు పెళ్లానికిచ్చే హెచ్4 వీసా మీద ఉన్నవాళ్లకి అప్పట్లో పని చేసే హక్కు లేదు. 2015 మే చివర్లో, మొగుడి గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే పెళ్లానికి పని చేసుకోవడానికి ఈఏడీ కార్డు ఇస్తామని రూల్ వచ్చింది. అంతే, మా అపార్ట్‌మెంట్లలో ఆడవాళ్లందరం దాదాపు ఒకేసారి టెస్టింగ్ కోర్సుల్లో చేరిపోయాం. రాత్రి పిల్లలు పడుకున్నాక హైదరాబాద్ నుంచి ఒకాయన ఆన్‌లైన్‌లో సెలీనియం, అంటే సాఫ్ట్‌వేర్‌ని దానంతటదే టెస్ట్ చేసే పనిముట్టు, చెప్పేవాడు. అక్కడ ఆయనకి అప్పుడే తెల్లారేది. వెనక ప్రెషర్ కుక్కర్ కూతలు వినపడేవి.

రెజ్యూమే దిద్దిన కన్సల్టెన్సీ కుర్రాడు, "మేడమ్, ఆ టీచర్ ఎక్స్‌పీరియన్స్ తీసేద్దామండీ, క్లయింట్లు కన్ఫ్యూజ్ అవుతారు" అన్నాడు. నేను తీయనివ్వలేదు. ఇంటర్వ్యూలో మేనేజర్ సెలీనియం గురించి రెండు ముక్కలు అడిగి, చివర ఉన్న బీఈడీ దగ్గర ఆగింది. భిన్నాల కూడికలో పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారు అని అడిగింది. లవాలు లవాలు, హారాలు హారాలు కలిపేస్తారు అన్నాను. సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు అని రాస్తారు. "మా తప్పుడు ఆప్షన్లు అలాగే తయారు చేస్తాం" అని నవ్వింది. ఉద్యోగం అక్కడే ఖాయమైందని నా నమ్మకం.

ఇక డబ్బు సంగతి. ఈ దేశంలో చదువు రాష్ట్రాల పని, సిలబస్‌లో కేంద్రం వేలు పెట్టకూడదు. కానీ 2002 జనవరిలో బుష్ సంతకం పెట్టిన నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ చట్టం, మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి, రీడింగు, లెక్కల పరీక్ష పెట్టి తీరాలంది. ఆ పరీక్ష రాష్ట్రం రాసుకున్న ప్రమాణాలకి సరిపోవాలంది. పెట్టమన్నాక డబ్బులివ్వాలి కదా. అందుకని రాష్ట్ర పరీక్షల గ్రాంట్ పెట్టారు. ప్రతి రాష్ట్రానికీ ముందు 30 లక్షల డాలర్లు, మిగతాది 5 నుంచి 17 ఏళ్ల పిల్లల సంఖ్యని బట్టి పంపకం. 2015 డిసెంబర్‌లో ఒబామా సంతకంతో ఈఎస్ఎస్ఏ అనే కొత్త చట్టం వచ్చినా ఈ గ్రాంట్ పోలేదు. ఏటా దాదాపు 37, 38 కోట్ల డాలర్లు.

వినడానికి పెద్ద మొత్తమే. కానీ 2012లో బ్రూకింగ్స్ అనే పరిశోధన సంస్థ లెక్క కడితే, రాష్ట్రాలు ఈ పరీక్షల మీద ఏటా పెట్టేది సుమారు 170 కోట్ల డాలర్లు, పరీక్షలుండే తరగతుల్లో పిల్లవాడికి సుమారు 65 డాలర్ల చొప్పున. బడులకయ్యే మొత్తం ఖర్చులో అది సుమారు పావు శాతం. ఇక్కడ మా ఊళ్లో చిన్న పిల్లలకి ఒక నెల ట్యూషన్ ఫీజు అంతకంటే ఎక్కువ.

మా టీమ్‌లో పాతవాళ్లు "గ్రాంట్ రోజులు" అని ఒక మాట అంటుంటారు, మన పెద్దవాళ్లు జమీందారీ రోజుల గురించి చెప్పుకున్నట్టు. 2010 సెప్టెంబర్‌లో ఆర్నీ డంకన్ విద్యాశాఖ మంత్రిగా ఉండగా, మాంద్యం నుంచి గట్టెక్కడానికి తెచ్చిన స్టిమ్యులస్ డబ్బులోంచి 33 కోట్ల డాలర్లు రాష్ట్రాలు కలిసి కట్టిన రెండు గుంపులకిచ్చారు. పార్క్‌కి సుమారు 17 కోట్లు, స్మార్టర్ బ్యాలెన్స్‌డ్‌కి 16 కోట్లు. తలా ఒక పరీక్ష తయారు చేసుకునే బదులు అందరూ కలిసి ఒకటే మంచిది తయారు చేసుకోండి, కంప్యూటర్ మీద పెట్టండి, గళ్లు నింపడం కాకుండా పిల్లలు ఆలోచించి రాసే ప్రశ్నలివ్వండి అన్నారు. ఆలోచన బంగారం లాంటిది. 2015లో పరీక్ష మొదలయ్యేసరికి రాజకీయం తగులుకుంది. ఇది ఒబామా పరీక్ష అని కొందరు, పిల్లల్ని గంటల తరబడి కూర్చోబెడుతున్నారని కొందరు. కొందరు తల్లిదండ్రులైతే పిల్లల చేత పరీక్షే రాయించలేదు. ఇరవైకి పైగా రాష్ట్రాలతో మొదలైన పార్క్‌లో కొన్నేళ్లకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. మా న్యూజెర్సీ కూడా 2019లో పేరు మార్చి ఎన్‌జేఎస్ఎల్ఏ అంది. మార్కుల స్కేలు మాత్రం అదే ఉంచింది, 650 నుంచి 850. 750 వస్తే నాలుగో లెవెల్, గట్టెక్కినట్టు.

గ్రాంట్ అయిపోయాక మిగిలింది ఏమిటంటే ప్రశ్నల బ్యాంకు, దాన్ని కాచుకునే మాలాంటి వాళ్లం. రాష్ట్రం ఆర్‌ఎఫ్‌పీ, అంటే టెండరు, వేస్తుంది. పెద్ద కంపెనీ కాంట్రాక్ట్ గెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ పని ఇంకో కంపెనీకిస్తుంది. వాళ్లకి మనుషుల్ని ప్రైమ్ వెండర్ సప్లై చేస్తాడు. ఆ వెండర్ కింద మా ఎడిసన్ కన్సల్టెన్సీ, దాని కింద నేను. పైన ఎవరో సెనేటర్ ఒక అంకె కొట్టేస్తే నా కాంట్రాక్ట్ పొడిగింపు దాకా కదులుతుందని మా ఆయనకి మొదట్లో నమ్మకం కుదర్లేదు.

2020 మార్చిలో కుదిరింది. బడులు మూసేశారు, ఆ వసంతానికి పరీక్షలు పెట్టనక్కర్లేదని కేంద్రం రాష్ట్రాలకి మినహాయింపులిచ్చింది. పిల్లలు పరీక్ష రాయకపోతే రిలీజ్ లేదు, రిలీజ్ లేకపోతే టెస్టింగ్ లేదు. "బడ్జెట్ హోల్డ్‌లో ఉంది, చెప్తాం" అని మెయిల్ వచ్చింది. నాది పోతే పోయింది, మా ఆయన ఉద్యోగ వీసా హెచ్1 మీద ఇల్లు నడుస్తుంది. టీమ్‌లో ఉన్న ఖమ్మం అబ్బాయిది అలా కాదు. సొంత హెచ్1, ప్రాజెక్ట్ పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. "అక్కా, మూడో తరగతి పిల్లలు ఇంట్లో కూర్చున్నందుకు నేను కరీంనగర్ అమ్మాయి సంబంధం వదులుకోవాలేమో" అన్నాడు ఫోన్‌లో. టెన్షన్‌లో కూడా వాడికి నవ్వించే గుణం ఉంది. ఫెడరల్ డబ్బు ఆ ఏడాదికి అప్పటికే వచ్చి ఉంది కాబట్టి, దాన్ని మరుసటి ఏడాది ప్రశ్నలు తయారు చేయడానికి మళ్లించారు. మాకు పని దొరికింది. పెళ్లి కూడా అయింది.

ఒక ప్రశ్న ఎలా పుడుతుందో మొదటి నుంచి ఆ నెలల్లోనే తెలుసుకున్నాను. టీచర్ ఒకామె ప్రశ్న రాస్తుంది. దానికి ప్రమాణం నంబరు, ఎంత లోతుగా ఆలోచించాలో చెప్పే డీఓకే అంకె, 1 నుంచి 4 దాకా, తగిలిస్తారు. ఇంకో కమిటీ పక్షపాతం చూస్తుంది. మంచు మీద స్కీయింగ్ వెళ్లారు అని రాస్తే, ఆ మాటే ఎరగని పేద పిల్లలకి లెక్క కంటే కథ కష్టమవుతుందని మార్పిస్తారు. తర్వాత అది మార్కులు లేని ప్రశ్నగా అసలు పరీక్షలోనే దూరుతుంది. పిల్లలకి ఏది లెక్కలోకొస్తుందో ఏది రాదో తెలియదు. వేల మంది రాశాక లెక్కలు తీసి, ఒకే స్థాయి పిల్లల్లో ఏదో ఒక గుంపు మాత్రమే తప్పు చేస్తుంటే మళ్లీ విచారణ. ఇన్ని గట్టెక్కాక నా దగ్గరికొస్తుంది. క్రోమ్‌బుక్‌లో, ఐప్యాడ్‌లో తెరిచి చూడాలి. వైఫై పీకేసి, మళ్లీ పెట్టి, పిల్లవాడి జవాబు ఉందో ఊడిందో చూడాలి. చూపు లేని పిల్లల కోసం చదివే గొంతు ముప్పాతికని "త్రీ ఫోర్త్స్" అనాలి. ఒకసారి అది "త్రీ స్లాష్ ఫోర్" అంది. అందరూ చిన్న బగ్ అన్నారు. నేను ఎక్కువ తీవ్రత వేసి పంపాను, టీచరు బుద్ధి పోదు కదా.

మన స్పాట్ వాల్యుయేషన్‌తో పోల్చుకోకుండా ఎలా ఉంటాను. రోజుకి నలభై పదో తరగతి పేపర్లు, ఏప్రిల్ ఎండ, గిర్రున తిరిగే ఫ్యాను కింద ఎగిరిపోయే షీట్లు. ప్రశ్న తప్పొస్తే "అటెంప్ట్ చేసినవాళ్లకి మార్కు ఇవ్వండి" అని కబురొచ్చేది, అంతటితో సరి. ఇక్కడ చేత్తో దిద్దేవాళ్ల కట్టల్లో మార్కు ముందే తేల్చిన పేపర్లు కలిపేస్తారు. వాటికి తప్పు మార్కు వేస్తే దిద్దేవాడినే ఆపేస్తారు. ఇంత జాగ్రత్త మా రోజుల్లో ఉంటే ఎన్ని రీకౌంటింగులు తప్పేవో.

అయితే ఒక సంగతి నాకు మింగుడు పడదు. ఇంత మెరుగు పెట్టిన ప్రశ్నకి పిల్లవాడు వసంతంలో జవాబిస్తాడు. రిపోర్టు ఇంటికొచ్చేసరికి చాలాచోట్ల పై తరగతిలో ఉంటాడు. ఏ టీచరైతే వాడికి భిన్నాలు చెప్పిందో ఆమె చేతిలో వాడు లేడు. చాలా రాష్ట్రాల్లో వాడికి పాస్ ఫెయిల్ లేదు, ర్యాంకు లేదు. ఆ మార్కు బడికి, జిల్లాకి, రాష్ట్రానికి. డబ్బు లెక్క అడగడం కోసం ఇచ్చారు కాబట్టి పరీక్ష లెక్క చెప్పడం కోసమే తయారైంది. పిల్లవాడు రాసింది నాలుగు లైన్లయినా మనిషి చదవాలంటే ఖర్చు. టెక్సస్‌లో 2023 డిసెంబర్ నుంచి పిల్లల రాతల్లో ఎక్కువ భాగం కంప్యూటరే ముందు దిద్దుతోంది. ఆలోచించి రాయించాలని 33 కోట్లు పోసిన దేశం, రాసింది చదవడానికి మనిషిని పెట్టుకోలేక పోవడం నాకు విడ్డూరంగానే ఉంటుంది.

మనవాళ్లకి ఇదేదీ పట్టదు. రిపోర్టు రాగానే ఫోన్లు. "వదినా, మావాడికి 748 వచ్చింది, రెండు మార్కుల్లో పోయింది, రీవాల్యుయేషన్ ఉంటుందా?" 748కీ 752కీ ఆ పిల్లవాడిలో తేడా ఏమీ లేదని, పక్కనే ప్లస్ ఆర్ మైనస్ అని అచ్చేసి ఉంటుంది చూడమని చెప్తాను. వినరు. కింద ఏ విభాగంలో వెనకబడ్డాడో రాసి ఉంటుంది, అది చూడమంటే అసలే వినరు.

ఇంకో ఫోన్ ఆగస్టులో వస్తుంది, కొత్తగా దిగినవాళ్ల దగ్గర్నుంచి. బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లవాడి ఇంగ్లీషు పరీక్షిస్తారు, తక్కువుంటే ప్రత్యేక క్లాసు, ఏటా యాక్సెస్ అనే పరీక్ష. "ఇంగ్లీష్ అని రాసేయ్" అని వాట్సాప్ సలహా. ఆ పరీక్ష నడిపే విడా సంస్థ కూడా 2003లో విస్కాన్సిన్‌కి వచ్చిన ఫెడరల్ గ్రాంట్‌తో పుట్టింది, ఇప్పుడు దాదాపు నలభై రాష్ట్రాలు అదే వాడుతున్నాయి. తెలుగు అనే రాయండి, ఆ క్లాసు టీచర్ జీతం మీ పన్నుల్లోదే, ఉచితంగా ఇంకో టీచర్ దొరికితే చేదా అంటాను. సగం మంది రాస్తారు.

మా ప్రాజెక్టుకి మళ్లీ ఆర్‌ఎఫ్‌పీ పడింది. పోయిన వారం కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేశారు. "మేడమ్, క్లయింట్ మిమ్మల్నే అడుగుతున్నారండీ. కాకపోతే బడ్జెట్ టైట్, రేటు పాతదే" అన్నాడు, ఒకప్పుడు నా బీఈడీ తీసేయమన్న కుర్రాడే, ఇప్పుడు అకౌంట్ మేనేజరు. ఆ బీఈడీ చూసే అడుగుతున్నారు, గంటకి మూడు డాలర్లు పెంచు అన్నాను. పైవాళ్లతో మాట్లాడి చెప్తానన్నాడు.